టైం చూద్దామని ఫోన్ తీస్తే గంట పోతోంది, ఎవరైనా దీన్నుంచి బయటపడ్డారా?

కునుకు_లేదు:

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

నాకు 38. రోజంతా కంప్యూటర్ ముందు పని, పని అయ్యాక మళ్ళీ ఫోన్. ఇందులో కొత్తేముంది, అందరూ అంతే కదా అనుకునేవాణ్ని, ఈమధ్య దాకా.

ఏమైందంటే, ఒక రాత్రి మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాను. పక్కన మా ఆవిడ ఏదో చెబుతోంది. నేను 'ఊ', 'అవునా', 'సరేలే' అంటున్నాను. మర్నాడు పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ, "అవునూ, అత్తయ్యగారి స్కాన్ రిపోర్ట్ ఇంకా రాలేదా?" అని అడిగాను. ఆమె ఏమీ అనలేదు. చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టడం ఆపి నా వంక చూసింది, మళ్ళీ మడతపెట్టుకుంది. రిపోర్ట్ ముందు రోజే వచ్చిందట. రాత్రి నాకు చెప్పింది అదేనట. చిన్న గడ్డ ఉంది, అదేమిటో తెలియాలంటే ఇంకో టెస్ట్ చేయాలన్నారు, భయంగా ఉంది అని చెబితే నేను దానికి 'సరేలే' అన్నానట. (ఆ తర్వాత టెస్టులో భయపడాల్సిందేమీ లేదని తేలింది. అయినా నా తప్పు తప్పే కదా.)

ఆ రాత్రి అంత ముఖ్యంగా నేను చూస్తున్నదేమిటా అని గుర్తు తెచ్చుకుందామంటే ఒక్కటీ గుర్తు రాలేదు. ఎవరో పాత ట్రాక్టర్ ఇంజన్ విప్పుతున్న వీడియో మాత్రం లీలగా ఉంది. నాకు ట్రాక్టర్ లేదు.

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చూస్తే రోజుకి సగటున 6 గంటల 10 నిమిషాలు, 130 సార్లకు పైగా అన్‌లాక్. సరే అని యాప్ తీసేశా. రెండో రోజుకల్లా అదే సైటు బ్రౌజర్లో తెరవడం మొదలుపెట్టా. 30 నిమిషాల లిమిట్ పెట్టా, అది అడ్డొచ్చినప్పుడల్లా 'ఇంకో 15 నిమిషాలు' నొక్కుతున్నా, ఇప్పుడైతే ఆ బటన్ ఎక్కడుందో చూడకుండానే వేలు వెళ్ళిపోతోంది.

ఇది నిజంగా వ్యసనమా, లేక నా బద్ధకానికి పెట్టుకున్న పెద్ద పేరా? డాక్టర్ దాకా వెళ్ళాల్సిన సంగతేనా? కీప్యాడ్ ఫోన్ కొనుక్కుంటే పోతుందా? 'మనసు గట్టి చేసుకో' తప్ప ఇంకేదైనా చెప్పండి, అది నాకు నేనే రోజూ చెప్పుకుంటున్నాను.

గళ్ళ_చొక్కా:

కీప్యాడ్ ఫోన్ సంగతి నన్నడుగు తమ్ముడూ, ఆ ముచ్చటా తీరింది.

మొదటి నాలుగు రోజులు స్వర్గం. ఐదో రోజు బ్యాంకు పని పడింది. ఓటీపీ అయితే వచ్చింది, ఆ ఓటీపీ కొట్టాల్సింది మాత్రం యాప్‌లో. ఆఫీసు గ్రూపులో మీటింగ్ టైం మార్చారు, నేనొక్కణ్నే పాత టైంకి వెళ్ళి ఖాళీ గదిలో కూర్చున్నా. కొత్త చోటికి వెళ్ళాలంటే దారి కోసం మా అబ్బాయి ఫోన్ అడుక్కోవడం, వాడు 'నాన్నా, ఎంతసేపు?' అని నన్నడగడం. చివరికి 'పనులకు మాత్రమే' అని పాత స్మార్ట్‌ఫోన్‌ని టేబుల్ సొరుగులో పెట్టుకున్నా. ఆ సొరుగు దగ్గర నిలబడి గంటసేపు ఫోన్ చూసిన రోజులున్నాయి. కూర్చుంటే వాడినట్టు లెక్క, నిలబడితే లెక్కలోకి రాదు మరి. మూడు వారాలకి సిమ్ మళ్ళీ దీంట్లోకే వచ్చింది.

ఒక్కటి మాత్రం తెలిసొచ్చింది. ఫోన్ దగ్గర లేకపోయినా చెయ్యి జేబు మీదకి పోతూనే ఉంది. లిఫ్ట్ వచ్చే లోపు, కంప్యూటర్ తెరుచుకునే లోపు, ఎదుటివాడు మాట మధ్యలో దగ్గుతుంటే ఆ లోపు. ఖాళీ జేబులో తొడ దగ్గర ఫోన్ కొట్టుకున్నట్టు అనిపించేది కూడా. దాన్ని ఫాంటమ్ వైబ్రేషన్ అంటారట. పేరు పెట్టారంటే నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నట్టు కదా అని కొంచెం ధైర్యం వచ్చింది.

స్క్రోల్_మేస్త్రి:

నేను యాప్‌లు తయారుచేసే వైపు పనిచేస్తాను, కాబట్టి ముందే ఒక మాట: మీది బద్ధకం కాదండీ. ఇవతల మీరు ఒక్కరు. అవతల బోలెడంత మంది కూర్చుని మీ బొటనవేలు ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో కొలుస్తుంటారు.

ఇదివరకు వెబ్ పేజీకి అడుగు అనేది ఉండేది, గుర్తుందా? కిందికి వచ్చాక 1, 2, 3 అని అంకెలు, 'తర్వాతి పేజీ' అని బటన్. నొక్కాలా వద్దా అని ఒక్క క్షణం ఆగేవాళ్ళం, 'చాల్లే, లేద్దాం' అని అనిపించేది ఆ క్షణంలోనే. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ ఆ అడుగు తీసేశాడు, కిందికి పోతున్న కొద్దీ కొత్తవి వచ్చి చేరేలా చేశాడు. మనకి సుఖంగా ఉంటుందనే చేశాడు, దాని వల్ల ఏం జరిగిందో చూసి తర్వాత తానే బహిరంగంగా బాధపడ్డాడు కూడా. తెరని కిందికి లాగి వదిలితే కొత్తవి రావడం ఉంది చూడండి, అది లోరెన్ బ్రిక్టర్ ట్వీటీ అనే యాప్ కోసం చేసిన పని. లాగుతాం, చక్రం తిరుగుతుంది, ఏదో ఒకటి పడుతుంది. జూదం మిషన్ పిడి లాగడానికీ దీనికీ పెద్ద తేడా నాకైతే కనిపించదు.

దీని వెనక ఉన్న సూత్రం ఫోన్ల కన్నా చాలా పాతది. బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేసి 1950ల్లోనే చూపించాడు. ఇన్నిసార్లు పొడిస్తే గింజ అని లెక్క తెలిస్తే పావురం గింజ తిన్నాక కాసేపు ఆగుతుంది. ఎన్నో పొడుపుకి పడుతుందో తెలియకుండా చేస్తే ఆగదు, పొడుస్తూనే ఉంటుంది, గింజలు వేయడం ఆపేశాక కూడా చాలాసేపు వదలదు. మీ ట్రాక్టర్ ఇంజనే ఆ గింజ. దానికి ముందు మీరు చూసి మర్చిపోయినవన్నీ ఉత్త పొడుపులు.

ఇందులో నా పాపమూ ఉంది, చెప్పేస్తాను. ఒకప్పుడు మా టీంలో ఒకే నోటిఫికేషన్‌ని రెండు రకాలుగా రాసి సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి పంపేవాళ్ళం. ఎక్కువమంది తెరిచినది ఉంచేవాళ్ళం, రెండోది చెత్తబుట్టకి. ఏది నిజమో, ఏది పనికొచ్చేదో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

అందుకని మీరు చేయగలిగింది, వాళ్ళు తీసేసిన ఆ 'ఆగే క్షణాన్ని' మళ్ళీ తెచ్చుకోవడం. యాప్ తీసేసి లాభం లేదు, బ్రౌజర్ ఉందిగా. లాగౌట్ అవ్వండి, పాస్‌వర్డ్‌ని నోటికి రానంత పొడుగ్గా మార్చి కాగితం మీద రాసి పక్క గదిలో పెట్టండి, బ్రౌజర్ అడిగితే సేవ్ చేయకండి. మంచం దిగి వెళ్ళాలంటే సగంసార్లు మీరే వద్దనుకుంటారు. మనుషుల నుంచి వచ్చే కాల్స్, మెసేజీలు తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేయండి, ఎర్ర చుక్కలతో సహా. ఆ 15 నిమిషాల బటన్ గురించి: కొన్ని ఫోన్లలో లిమిట్‌కి పాస్‌కోడ్ పెట్టొచ్చు, దాన్ని మీ ఆవిడతో పెట్టించండి. తెరని నలుపు తెలుపులోకి మార్చడం కూడా కొంతమందికి పనిచేస్తుంది, నాకు వారం పనిచేసింది, తర్వాత నలుపు తెలుపులోనే చూడటం అలవాటైపోయింది.

నీలి_గొడుగు:

కౌన్సెలింగ్ చేస్తుంటాను, కాబట్టి డాక్టర్ ప్రశ్నకి మాత్రం నేను జవాబిస్తా.

'స్మార్ట్‌ఫోన్ వ్యసనం' అనే పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో ఏమీ లేదు. 2019లో ఆమోదం పొంది 2022 నుంచి అమల్లోకి వచ్చిన ఆ పట్టిక కొత్త కూర్పు ఐసీడీ-11లో గేమింగ్ వ్యసనాన్ని మాత్రం చేర్చారు. దానికి చూసేవి మూడు: ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటినీ తోసేసి అదే ముందుకు రావడం, నష్టం కళ్ళెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం. అదీ మామూలుగా ఏడాది పాటు, ఇల్లో ఉద్యోగమో గట్టిగా దెబ్బతినేంతగా. ఫోన్‌కి ఇది అధికారిక కొలబద్ద కాదు గానీ మనల్ని మనం చూసుకోవడానికి పనికొస్తుంది. మీ విషయంలో నిద్ర, ఇంట్లో మాట రెండూ దెబ్బతిన్నాయి, పని ఇంకా నడుస్తోంది అనుకుంటున్నా. ఒకవేళ ఫోన్ పక్కన పెడితే ఊపిరాడనంత ఆందోళన వస్తున్నా, దేని మీదా మనసు నిలవకపోయినా, చాలా రోజులుగా దిగులుగా ఉంటున్నా తప్పకుండా వెళ్ళండి. అలాంటప్పుడు ఫోన్ పైపైన కనిపించేదే, అసలు బాధ దాని కింద ఉంటుంది, ఫోన్ లాగేసుకుంటే మనిషి ఇంకా ఇబ్బంది పడతాడు.

ఇంకొకటి, ఇక్కడ ఇంకా ఎవరూ అనలేదు గానీ అనబోతారు: 'డోపమైన్ డిటాక్స్'. డోపమైన్ అంటే మెదడు కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం, ఒంట్లో పేరుకుపోయే మురికేం కాదు, ఉపవాసం ఉండి కడిగేసుకోవడానికి. వోల్ఫ్‌రామ్ షుల్జ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతులతో చేసిన ప్రయోగాల్లో, మొదట్లో పళ్ళరసం చుక్క నోట్లో పడినప్పుడు డోపమైన్ కణాలు చురుగ్గా స్పందించేవి. అలవాటయ్యాక, రసం రాబోతోందని చెప్పే గుర్తు కనబడగానే స్పందించడం మొదలైంది, రసం పడినప్పుడు పెద్దగా ఏమీ లేదు. ఫోన్ 'టింగ్' అన్నప్పుడు మీకు కలిగే ఆత్రం, తెరిచి చూశాక 'ఇంతేనా' అనిపించడం, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మేస్త్రి గారు పక్క గది అన్నారు, అది నాకూ నచ్చింది. 2017లో టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొందరి ఫోన్ బల్ల మీద, కొందరిది జేబులోనో సంచిలోనో, కొందరిది వేరే గదిలో ఉంచి బుర్రకి పని పెట్టే పరీక్షలిచ్చారు. ఫోన్లు సైలెంట్‌లోనే ఉన్నాయి. వేరే గదిలో పెట్టినవాళ్ళు, బల్ల మీద పెట్టుకున్నవాళ్ళ కన్నా బాగా చేశారు. తర్వాత వేరేవాళ్ళు చేసి చూస్తే అన్నిసార్లూ అలాగే రాలేదు, కాబట్టి దాన్ని వేదంలా పట్టుకోకండి. అయినా ప్రయత్నించడానికి ఖర్చేముంది.

ఒక ప్రశ్న. ఆ 6 గంటల్లో ఏ గంట పోతే మీకు నిజంగా బాధేస్తుంది? ఇక్కడ రాయకపోయినా పర్లేదు.

అరుగు_మీద:

నాకు మాత్రం 'వ్యసనం' అనే మాట వింటేనే చిరాకు. మా నాన్నగారికి వినికిడి పోయింది. ఎదుటివాళ్ళు మాట్లాడేది ఫోన్ అక్షరాలుగా చూపిస్తుంది, ఆయన చదువుకుని జవాబు చెబుతారు. రోజుకి ఎన్ని గంటలు ఆ తెర వంక చూస్తారో లెక్కలేదు. వచ్చిన బంధువులేమో, 'ఈ వయసులో ఈ ఫోన్ పిచ్చేంటి పెద్దాయనా' అని నవ్వుతారు. ఆ నవ్వుతూ అన్న మాట కూడా ఆయనకి తెర మీద అక్షరాలై వస్తుంది, పాపం.

అందుకే 6 గంటల 10 నిమిషాలు అనే అంకె చూసి కంగారుపడొద్దండీ. అందులో దారి చూసుకున్నది, పాటలు పెట్టుకున్నది, ఇంటివాళ్ళతో వీడియో కాల్ మాట్లాడింది, ఆఫీసు మెయిల్ అన్నీ కలిసిపోయి ఉంటాయి. చిన్నప్పుడు నేను పుస్తకం పట్టుకుంటే పిలిచినా పలికేదాన్ని కాదు, అప్పుడు 'పుస్తకాల పురుగు' అని మురిసిపోయారు మా ఇంట్లో.

గళ్ళ_చొక్కా:

పుస్తకానికి ఆఖరి పేజీ ఉంటుందమ్మా. మేస్త్రి చెప్పింది అదేగా.

నాన్నగారి సంగతి మాత్రం కరెక్టే, అది వేరు, ఒప్పుకున్నా.

కునుకు_లేదు:

ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్.

అరుగు_మీద గారు అన్నట్టు ఆ అంకెని విడదీసి చూశాను. పగలు వాడేదంతా ముక్కలు ముక్కలుగా ఉంది, ఎక్కువ భాగం పనే. కొండలా లేచి కనబడుతోంది రాత్రి పది నుంచి పన్నెండున్నర దాకా. పిల్లలు పడుకున్నాక అన్నమాట.

నీలి_గొడుగు గారూ, మీ ప్రశ్న గురించి రెండు రోజులు ఆలోచించాను. పోతే బాధేసే గంటలూ అవేనండీ. పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరికి జవాబు చెబుతూనే ఉంటాను, ఆఫీసులో, దారిలో ఫోన్లో, ఇంటికొస్తే హోంవర్కు. ఆ రెండున్నర గంటలే నన్నెవరూ ఏమీ అడగరు. నిద్ర ముంచుకొస్తున్నా పడుకోబుద్ధి కాదు, పడుకుంటే ఇంకేముంది, తెల్లారిపోతుంది, మళ్ళీ మొదలు. మా ఆవిడకీ మాట్లాడటానికి దొరికేది ఆ టైమే. ఇది రాస్తుంటేనే తట్టింది నాకు.

మల్లె_పందిరి:

మీ ఆవిడ వైపు నుంచి ఒకరు రాయాలి కదా, నేను రాస్తాను.

మా ఇంట్లో నేను చెప్పడం మానేశా. గొడవ పడలేదు, అలగలేదు, ఊరికే మానేశా. 'ఊ' కొట్టే మనిషికి ఏం చెబుతాం అని నేనూ నా ఫోన్ తీసుకున్నా. లైటు తీసేశాక ఒకే మంచం మీద చెరో వైపు తిరిగి రెండు వెలుగులు. ఒక రాత్రి పక్క దిండు మీద నుంచి ఆయన నాకో వీడియో పంపారు, బావుందని. చూసి నవ్వు బొమ్మ పెట్టా. నవ్వలేదు, బొమ్మ పెట్టా. ఆయనకి కూడా నా నవ్వు వినబడలేదని తోచలేదు.

మీ ఆవిడ తువ్వాలు మడతపెట్టడం ఆపి మీ వంక చూసిందన్నారు. చూసిందంటే ఇంకా మీ మీద ఆశ ఉందన్నమాట. అంతా రాశారు, సారీ చెప్పారో లేదో మాత్రం రాయలేదు.

'ఇక ఫోన్ ముట్టను' లాంటి శపథాలు ఆమె ముందు చేయకండి, అవి మేం చాలా విని ఉన్నాం. మీకు ఒంటరిగా కాసేపు కావాలంటే ఆ మాటే నోరు తెరిచి అడగండి, తప్పేం కాదు. బహుశా ఆమెకీ కావాలేమో, ఆమెని ఎవరైనా అడిగారా?

నీలి_గొడుగు:

మల్లె_పందిరి గారు చెప్పాక నేను చెప్పడానికి పెద్దగా మిగల్లేదు. ఒక్క చిన్న విషయం, '21 రోజుల్లో అలవాటు మారిపోతుంది' అని ఎక్కడైనా చదివితే నమ్మకండి. లండన్‌లో ఒక పరిశోధన చేసినప్పుడు కొత్త అలవాటు దానంతట అదే జరిగే దశకి రావడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పిపోతే కొంప మునగలేదు కూడా. తప్పిన రోజు 'అయిపోయింది, నా వల్ల కాదు' అనుకోవడమే అసలు గండం.

కునుకు_లేదు:

24 రోజుల తర్వాత వస్తున్నా. ఎవరైనా ఇంకా ఈ చర్చ చూస్తున్నారో లేదో తెలియదు.

సారీ చెప్పాను. "దేనికి?" అంది. "ఆ రాత్రి సరేలే అన్నందుకు" అన్నా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత రిపోర్ట్ సంగతంతా, డాక్టర్ ఏమన్నాడు, వాళ్ళమ్మ మొహం ఎలా అయిపోయింది, ఇదంతా మొదటినుంచి మళ్ళీ చెప్పింది.

ఛార్జర్‌ని హాల్లో టీవీ వెనక ప్లగ్గుకి మార్చాను. అలారం వంకతో ఫోన్ మళ్ళీ లోపలికి వచ్చేస్తుందని చిన్న గడియారం ఒకటి కొన్నా. దాని టిక్కు టిక్కుకి మొదటి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, ఇదెక్కడి గోల అనుకున్నా. చెయ్యి దిండు కిందకి వెళ్ళడం ఓ పది రోజులు ఆగలేదు, నిద్రలో కూడా వెళ్తోందని మా ఆవిడ చెప్పింది. పాస్‌వర్డ్ కాగితం ఉపాయం మాత్రం భలే పనిచేసింది మేస్త్రి గారూ, ఒక రాత్రి అయితే లేచి పక్క గది దాకా వెళ్ళి, లైటు వేసి, కాగితం తీసి, ఆ చేంతాడంత పాస్‌వర్డ్ చూసి, ఆపేసి మంచినీళ్ళు తాగి వచ్చి పడుకున్నా.

పది నుంచి పదిన్నర నాది అని అడిగాను. హాల్లో కుర్చీలో కూర్చుని ఫోనే చూస్తాను, దాచడమెందుకు, కానీ కుర్చీలో మెడ నొప్పి పుడుతుంది కాబట్టి అరగంటకి నేనే లేస్తున్నా. పదిన్నర నుంచి పదకొండు తనది, అప్పుడు పిల్లలు లేచినా నేనే చూసుకోవాలని ఒప్పందం. ఇది నేను ఊహించలేదు, తనకీ అలాంటి అరగంట కావాలని నాకెప్పుడూ తోచలేదు.

మధ్యలో జ్వరం వచ్చి మూడు రోజులు మంచం మీద ఉన్నప్పుడు అన్నీ తుంగలో తొక్కాను. నాలుగో రోజు లెక్క చూస్తే 9 గంటలు. నీలి_గొడుగు గారి మాట గుర్తుపెట్టుకుని ఛార్జర్ మళ్ళీ హాల్లో పెట్టా. ఇప్పుడు సగటు 4 గంటల పైన ఉంది. అన్‌లాక్‌లు మాత్రం పెద్దగా తగ్గలేదు, లిఫ్ట్ దగ్గర చెయ్యి ఇంకా జేబులోకే పోతోంది గళ్ళ_చొక్కా అన్నా.

మా ఆవిడ ఇప్పుడో కొత్త పద్ధతి మొదలుపెట్టింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆపి, "ఇప్పుడు నేనేం చెప్పాను?" అంటుంది. నిన్న మూడుసార్లు అడిగింది. రెండు చెప్పగలిగా. మూడోసారి బయట కుక్కలేవో అరుస్తుంటే అటు పోయింది ధ్యాస. చేతుల్లో ఫోన్ లేదని రెండు అరచేతులూ చూపించాను కూడా. ఒప్పుకోలేదు.